మొదటిరోజు ఉస్తాద్

అమీర్‌పేటలో మొదటి రోజు పాఠం ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటుంది. పైసా కట్టకుండా వినే పాఠం అది, దాన్ని డెమో అంటారు. ఏ సందులోకి తిరిగి ఏ మెట్లెక్కినా ఆ రోజు చెప్పే మనిషి ఒకడు, చేరిన తర్వాత చెప్పే మనిషి ఇంకొకడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసీ చేరతారు. ఆ మొదటి రోజు మనిషి అంత బాగా చెబుతాడు మరి. చేప చిక్కాక ఎరను ఎవడు తలుచుకుంటాడు? ఇస్హాక్ అలాంటి ఎర. తను ఎరనని తెలుసుకోవడానికి అతనికి చాలా కాలం పట్టింది. తెలిశాక వచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు. వస్తువులను చల్లబరిచి బతికే మనిషికి అంత వేడెక్కిందంటే, అందులో న్యాయం ఉండే ఉంటుంది.

ఇస్హాక్ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. పంజాగుట్టలో పెద్ద రోడ్డు మీది నగల దుకాణాల వెనక సందులో, ఒక టైలరుకూ ఒక జిరాక్స్ షాపుకూ నడుమ అతని దుకాణం. దుకాణమంటే ఒక షట్టరు, రెండు స్టూళ్లు, గోడకు వేలాడే రాగి గొట్టాలు, అంతే. శ్రీనగర్ కాలనీలో సగం ఇళ్ల వంటగదులు అతనికి తెలుసు. ఏ ఇంటి ఫ్రిజ్ నిండా మందులుంటాయో, ఏ ఇంటి ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు తప్ప ఏమీ ఉండవో చెప్పగలడు. చెప్పడు. ఇంట్లో దఖ్నీ ఉర్దూ, బయట తెలుగు. ఆ తెలుగు వంటగదుల్లో నేర్చుకున్నది కాబట్టి అందులో ఇల్లాళ్ల విసుగూ వాళ్ల వేళాకోళమూ కలిసి ఉంటాయి. మాట్లాడుతుంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడతారు.

పని నేర్పిన ఉస్తాద్ నాంపల్లిలో ఉండేవాడు. ఇస్హాక్ చేరిన మొదటి రోజే ఒక చచ్చిన ఫ్రిజ్ చూపించి, ఏది విప్పాలో చెప్పి, ఏది మార్చాలో చెప్పి, అతని చేత్తోనే బతికించనిచ్చాడు. కుర్రవాడు గాల్లో తేలుతూ ఇంటికి వెళ్లాడు. రెండో రోజు ఇంకో చచ్చిన ఫ్రిజ్ ముందుకు తోసి, కానీ అన్నాడు. ఇస్హాక్ నిన్నటి పనే చేశాడు. ఫ్రిజ్ లేవలేదు. మళ్లీ చేశాడు. లేవలేదు. అప్పుడు వీపు మీద ఒకటి పడింది. "నిన్నటి బీమారీ నిన్నటి ఫ్రిజ్‌ది రా. ఇయ్యాల్టి దాన్ని ఇయ్యాల అడుగు" అన్నాడు ఉస్తాద్. ఆ దెబ్బ తిన్నాకే తనకు పని రావడం మొదలైందని ఇస్హాక్ చెబుతాడు. మొదటి పాఠం మనిషికి ఆశ పుట్టిస్తుంది, రెండో పాఠం పని నేర్పుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక్క రాత్రే గాని, అమీర్‌పేటలో కొంతమంది ఆ రాత్రిని తెల్లవారనివ్వకుండా దాని మీదే మేడలు కట్టుకున్నారు.

అలాంటి వారిలో హనుమత్ప్రసాద్ ఒకడు. భీమవరం వైపు నుంచి వచ్చి, మెట్రో స్తంభాల పక్క సందులో, మెస్సు పైన మూడో అంతస్తులో స్కిల్ సెంటరు పెట్టాడు. ఒకరోజు అక్కడ మంచినీళ్ల కూలర్ పాడైతే ఇస్హాక్‌ను పిలిపించారు. అతను అలవాటు ప్రకారం విప్పుతూ మాట్లాడుతూ ఉన్నాడు. నీళ్ల కోసం వచ్చిన పిల్లలు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. హనుమత్ప్రసాద్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చి చూశాడు. పిల్లలను చూశాడు, కూలర్‌ను కాదు.

"ఏంటి ఇస్హాక్ గారూ, మీ నాలుక మీద సరస్వతి ఉందండీ" అన్నాడు. "ఇంత విద్య పెట్టుకుని ఆ సందులో కూర్చున్నారేంటి? మా దగ్గర ఏసీ, ఫ్రిజ్ కోర్సు పెడుతున్నాం. గవర్నమెంటు పథకం. మీరు పాఠం చెప్పాలండీ."

పాఠం చెప్పడమంటే ఇస్హాక్‌కు ప్రాణం. నాంపల్లి ఉస్తాద్ పోయాక ఆ విద్య తనతో ఆగిపోతుందేమోనని అతనికి లోపల ఒక దిగులుండేది. ఆ మాట వినగానే మనసు నిండిపోయింది. ఇంటికి వెళ్లి రబియాతో చెప్పాడు. రబియా అతని భార్య. ఆమె ఎప్పుడూ ఇస్త్రీ చేయని చొక్కాను తీసి ఇస్త్రీ చేసింది.

అతని డెమో చూడవలసిందే. బల్ల మీద ఒక పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ వెనక్కి తిరిగి ఉంటుంది. ప్లగ్ పెడితే ఒక చిన్న మూలుగు, టక్కుమని చప్పుడు, ఆ తర్వాత ఏమీ ఉండదు. "విన్నరా? లేస్త లేస్త అంటున్నది, లేస్తలేదు. మన ఇండ్లల్ల సుత గిట్లాంటోల్లు ఉంటరు" అంటాడు. హాలు నవ్వుతుంది. ప్లగ్ తీసి, కంప్రెసర్ పక్కన, దాన్ని నిద్రలేపే అగ్గిపెట్టె అంత రిలే ఊడదీసి, చెవి దగ్గర ఊపుతాడు. గలగల. దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరికి పంపుతాడు, అందరూ చెవి దగ్గర ఊపి చూస్తారు. "లోపల బిళ్ల పగిలింది. గంతే." కొత్త రిలే పెట్టి ప్లగ్ గుచ్చుతాడు. ఫ్రిజ్ గురక మొదలవుతుంది. ముందు బెంచీలో ఒకరిని పిలిచి లోపల చేయి పెట్టించి, కబుర్లు చెబుతూ కాసేపు ఉంచుతాడు. చల్లదనం తగలగానే ఆ ముఖంలో వెలిగే వెలుగు చూసి హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ సాయంత్రమే అందరూ చేరిపోతారు.

మర్నాడు ఇస్హాక్ పనిముట్ల సంచితో మళ్లీ మెట్లెక్కాడు. రెండో ఫ్రిజ్ ఏది తేవాలో రాత్రంతా ఆలోచించుకుని వచ్చాడు. హనుమత్ప్రసాద్ టీ తెప్పించి, భుజం మీద చేయి వేసి, "ఇక మా రెగ్యులర్ ఫ్యాకల్టీ చూసుకుంటారండీ. మీకెందుకు శ్రమ. మళ్లీ బ్యాచ్ మొదలైనప్పుడు కబురు పెడతాను" అన్నాడు.

రెగ్యులర్ ఫ్యాకల్టీ ఎవరా అని ఇస్హాక్ తలుపు సందులోంచి చూశాడు. గోడకు ఒక టీవీ. అందులో ఎవరో సూటు వేసుకున్న మనిషి ఇంగ్లీషులో గ్యాస్ ఛార్జింగ్ గురించి చెబుతున్నాడు. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. గేజీలు, వెల్డింగ్ కిట్టు, కొత్త మీటర్లు అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటికి పసుపు కుంకుమ బొట్లు, బీరువాకు తాళం. వాడితే పాతబడతాయట. పాతబడితే తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి బాగుండవట. దసరాకు పూజ చేసి మళ్లీ తాళం వేస్తారు. పనిముట్టును దేవుడిగా కొలిచే దేశంలో పనిముట్టును ఎవరి చేతికీ ఇవ్వకపోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికి తట్టింది?

"వచ్చే బ్యాచ్ మొత్తం మీదేనండీ" అన్నాడు హనుమత్ప్రసాద్ రెండోసారి. మూడోసారీ అదే అన్నాడు. ఆ తర్వాత కూడా అంటూనే ఉన్నాడు. ఇస్హాక్ నమ్ముతూనే ఉన్నాడు. మంచివాడికి వచ్చిన చిక్కే అది, ఎదుటివాడి అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతుందనుకుంటాడు. ఈలోగా సెంటరు గోడకు పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఇస్హాక్ ఫోటో, చేతిలో స్క్రూడ్రైవరు, పక్కన 'నిపుణులచే శిక్షణ' అని నిలువెత్తు అక్షరాలు. ఆ ఫ్లెక్సీ హాలు కిటికీలన్నిటినీ కప్పేసింది. లోపల పట్టపగలు కూడా లైట్లు వేసుకోవలసి వచ్చేది.

రబియా ఒకనాడు మెట్రో దిగి వస్తూ ఆ ఫ్లెక్సీ చూసింది. ఇంటికి వచ్చి అన్నది. "గుర్రం మీద ఊరేగించేది నిన్ను, నిఖా చదివేది ఇంకొకనికి. ప్రతి నెలా బారాత్‌కు పోతున్నవు, ఏందయ్యా నీ సంబరం?"

ఇస్హాక్ నవ్వాడు. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

ఎర్రగడ్డలో రైతుబజారు అవతల చిన్నప్ప అనే పాత ఫ్రిజ్‌ల వ్యాపారి ఉన్నాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, మిగతా రోజులు చచ్చిన యంత్రాల మధ్య అవే పాటలు కూనిరాగం తీస్తాడు. ఇస్హాక్‌కు చిన్ననాటి దోస్తు. డెమోకు కావలసిన కాలిపోయిన రిలేలు అతని దగ్గరి నుంచే వస్తాయి. ఒకరోజు ఇస్హాక్ వెళ్లేసరికి చిన్నప్ప గల్లా దగ్గర ఒక పెట్టె పెట్టుకుని ఉన్నాడు. నిండా కొత్త రిలేలు.

"గిన్ని రిలేలు ఎందుకురా?" అన్నాడు ఇస్హాక్.

"నీ శిష్యుల కోసం భాయ్" అన్నాడు చిన్నప్ప. "నీకు తెల్వదా? మార్కెట్ల వాళ్లకు పేరు సుత పెట్టిన్రు. రిలే బ్యాచ్. ఫ్రిజ్ ఆగిందా, రిలే మారుస్తరు. గ్యాస్ పోయిందా, రిలే మారుస్తరు. మొన్న ఒకడు తలుపు రబ్బరు ఊడితే రిలే మార్చిండు. పాపం, సర్టిఫికెట్ సుత చూపిస్తరు. ఎవరు నేర్పిన్రు అంటే ఇస్హాక్ సార్ అంటరు. ఎవరు ఎగతాళి చేసినా నేనైతే నవ్వలేదు భాయ్, ఒట్టు."

చిన్నప్ప చెప్పింది నిజం. ఆ పిల్లలు చూసిన పాఠం ఒక్కటే, చేత్తో పట్టుకున్న వస్తువు ఒక్కటే, చెవితో విన్న చప్పుడు ఒక్కటే. జబ్బు ఏదైనా వాళ్లకు తెలిసిన మందు అదే. వాళ్లు మూర్ఖులా? కానే కారు. అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు. చెప్పినంత వరకూ నేర్చుకున్నారు. మిగతాది చెప్పనివాడిని వదిలేసి నేర్చుకున్నవాళ్లను వెక్కిరించే లోకం ఇది. అవతల మందుల గోదాములు, పాల డెయిరీలు, ఆసుపత్రులు చల్లదనం మీదే నడుస్తున్నాయి. పని తెలిసిన చేతులు దొరకడం లేదని వాళ్లు పేపర్లలో మొత్తుకుంటారు. పని దొరకడం లేదని చేతులు రోడ్ల మీద తిరుగుతాయి. ఆ ఇద్దరినీ కలుపుతానని మధ్యలో కూర్చున్నవాడు పథకం డబ్బు తలకింత అని లెక్కగట్టి ఇద్దరినీ తింటున్నాడు.

ఆ వారమే భూలక్ష్మి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. బల్కంపేటలో ఉంటుంది, అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. ఇస్హాక్ డెమో చూసి ఆ పని వదిలేసి కోర్సులో చేరింది. ఆనాడు ఫ్రిజ్‌లో చేయి పెట్టింది ఆమే. దుకాణం ముందు నిలబడి ఆమె ఏడవలేదు, నెమ్మదిగానే మాట్లాడింది.

"సర్వీస్ కంపెనీల నౌకరీ ఇచ్చిన్రు భాయ్. ఇండ్లకు పంపిన్రు. పోయిన ప్రతి ఇంట్ల రిలే మార్చిన. ఒక్క ఫ్రిజ్ సుత లేవలేదు. ఒకామె నా ముందటనే ఫోన్ చేసి, వంట చేసేదాన్ని పంపిన్రా అని అడిగింది. నేను చేసేది వంటనే కదా, తప్పేమనలేదు ఆమె. కంపెనీల తీసేసిన్రు. హాస్టల్ల నా జాగల ఇంకొకామె వచ్చింది." ఊపిరి తీసుకుని అడిగింది. "నేను ఎక్కడ తప్పు జేసిన్నో చెప్పుండ్రి. మీరే కదా నేర్పిన్రు."

"నేను నేర్పింది ఒక్క దినమే బేటీ" అన్నాడు ఇస్హాక్.

"నేను చేరింది మాత్రం మిమ్మల్ని చూసి భాయ్. ఆ టీవీని చూసి కాదు."

ఈ మాట ఇస్హాక్‌కు ఉస్తాద్ కొట్టిన దెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తాగించాడు. అప్పటికప్పుడు షట్టరు దించి సెంటరుకు వెళ్లాడు. హనుమత్ప్రసాద్ హడావిడిలో ఉన్నాడు. కొత్త బ్యాచ్ మొదలవుతోంది, పథకం ఆఫీసరమ్మ స్వయంగా వస్తున్నారు, పూలగుత్తులు తెప్పించాలి.

"ప్రసాద్ సాబ్, ఈ బ్యాచ్ మొత్తం నేను చెప్తా" అన్నాడు ఇస్హాక్ కూర్చోకుండానే. "పాత బ్యాచుల పోరగాళ్లను సుత పిలువుండ్రి. వాళ్లకు రెండో పాఠం బాకీ ఉన్నది. నాకేం ఇయ్యకున్నా పర్వాలేదు. గా బీరువ తాళం తియ్యుండ్రి, చాలు."

హనుమత్ప్రసాద్ నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "ఏంటండీ మీరు మరీను. మీరు మొదటి రోజు చెబితేనే కదా హాలు నిండేది. బంగారు పిచిక లాంటి మనిషిని రోజూ వాడేస్తే ఎలా? ఇక పాతవాళ్లంటారా, వాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చేశాం కదండీ. అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకు చెప్పండి. ఈ ఒక్కసారికి కానివ్వండి, వచ్చే బ్యాచ్ మొత్తం మీదే."

ఇస్హాక్ తిన్నగా ఎర్రగడ్డ వెళ్లాడు. కాలిపోయిన రిలే కోసం చేయి చాపిన చిన్నప్పను ఆపి, "రిలే వద్దు. ఖరాబైన థర్మోస్టాట్ ఒకటియ్యి" అన్నాడు. చిన్నప్ప ఒక నిమిషం దోస్తు ముఖంలోకి చూసి, ఎందుకని అడగకుండా వెతికి ఇచ్చాడు.

డెమో రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో ఆఫీసరమ్మ, ఒళ్లో పూలగుత్తి. హనుమత్ప్రసాద్ మైకు పట్టుకుని ప్రాంతీయ ఆర్థికాభివృద్ధికి నైపుణ్యం గల మానవ వనరులే వెన్నెముక అని ప్రసంగించాడు. వెన్నెముక మాట ఎత్తినవాడికి ముందు తనకది ఉందో లేదో తడిమి చూసుకోవాలని ఎందుకో తోచదు. ఇస్హాక్ భూలక్ష్మిని వెనక బెంచీలో కూర్చోమన్నాడు. తను ఆ ఇస్త్రీ చొక్కాలోనే బల్ల దగ్గరికి వచ్చాడు. ఫ్రిజ్ అదే. ఉదయమే వచ్చి, లోపల చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తీసి, చిన్నప్ప ఇచ్చిన ఖరాబుది పెట్టాడు.

ప్లగ్ పెట్టాడు. మూలుగు లేదు, టక్కుమనలేదు. తలుపు తీస్తే లోపల లైటు మాత్రం వెలిగింది. ప్లగ్ తీసి, రిలే ఊడదీసి చెవి దగ్గర ఊపాడు. దాన్ని ముందు బెంచీకి ఇచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు ఊపారు. గలగల లేదు.

"ఏమన్న చప్పుడైందా?" అని అడిగాడు.

లేదన్నారు.

"అంటే రిలే మంచిగున్నది. ఫ్రిజ్ సచ్చింది. ఇప్పుడేం జెయ్యాలె?"

ఇస్హాక్ అందరి ముఖాలూ ఒకసారి చూశాడు.

"గీ ప్రశ్న దగ్గర పని మొదలైతది. గిది రెండో పాఠం. ఈడ రెండో పాఠం చెప్పరు. ఈడ చేరినోళ్లు ఊరంతా రిలేలు మార్చుకుంట తిరుగుతున్నరు. ఆ తప్పు వాళ్లది కాదు. చేరే ముందు జర ఆలోచించుండ్రి." స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వెనక బెంచీలోంచి భూలక్ష్మి లేచి, అతని పనిముట్ల సంచి అందుకుని వెంట నడిచింది.

వాళ్లు మొదటి మలుపు దిగారో లేదో పైన చప్పట్లు మోగాయి. ఒకటీ అరా కాదు, హాలు హాలంతా మోగింది. ఆ చప్పట్ల మీదుగా మైకులో హనుమత్ప్రసాద్ గొంతు వినిపించింది. "చూశారాండీ! సస్పెన్స్ అంటే ఇదీ! సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు మా ఇస్హాక్ గారు. మరి ఇప్పుడు ఆ రెండో పాఠం కావాలంటే ఏం చెయ్యాలి? చేరాలి!" నవ్వులు. ఆఫీసరమ్మ గొంతు కూడా విన్పించింది, వెరీ ఇంప్రెసివ్ అంటూ.

ఇస్హాక్ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. మనిషి ఆ హాల్లో చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని కూడా ఎదుటివాడు ఎరగా గుచ్చి నీళ్లలో వదిలితే ఇక అతను ఏం చేయాలి? గొంతెత్తి అరవాలా? అరిచినా అది కూడా డెమోలో భాగమే అంటారు.

"మీరు తిట్టిన తిట్టును సుత అమ్ముకుంటున్నడు భాయ్" అన్నది భూలక్ష్మి.

ఇస్హాక్ కింది మెట్టు మీదికి కాలు వేశాడు. ఆమె ఆపింది.

"పోదాం పాండ్రి."

"ఇంటికా?"

"పైకి. నాకు రెండో పాఠం కావాలె. నేను చేరింది ఈడ. నాకు బాకీ ఉన్నది ఈడ. దుకాణంల చెప్తే నా ఒక్కదానికే చెప్పినట్టయితది." అప్పటికే ఆమె రెండు మెట్లు ఎక్కేసింది.

వాళ్లు తిరిగి లోపలికి రావడం చూసి హాలు మళ్లీ చప్పట్లు కొట్టింది. హనుమత్ప్రసాద్ మాత్రం కొట్టలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఇస్హాక్ గారూ, డెమో అయిపోయిందండీ" అన్నాడు.

"డెమో అయిపోయింది. రెండో పాఠం మొదలైంది. మీరే కదా మైకుల చెప్పిన్రు" అని, ఇస్హాక్ హాలు వైపు తిరిగాడు. "ఈమె పేరు భూలక్ష్మి. మొన్నటి బ్యాచ్. సర్టిఫికెట్ ఉన్నది. రెండో పాఠం మాత్రం లేదు. ఈమె చేస్తది, మీరు చూడుండ్రి. బేటీ, మీటర్ తియ్యి."

భూలక్ష్మి సంచిలోంచి మీటరు తీసింది. ఆఫీసరమ్మ గడియారం చూసుకున్నారు. ఇంకో సెంటరుకు వెళ్లాలంటూ పూలగుత్తితో సహా లేచి వెళ్లిపోయారు. ఆమె తలుపు దాటగానే హనుమత్ప్రసాద్ గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ దించేశాడు. లైట్లు, ఏసీ, మైకు అన్నీ ఒక్కసారిగా ఆగాయి. హాలు చీకటైపోయింది.

"కరెంటు పోయిందండీ. సారీ అండీ, ఈ రోజుకి ఇంతే" అన్నాడు చీకట్లోంచి.

ఇస్హాక్ నవ్వాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. "షుక్రియా ప్రసాద్ సాబ్. రెండో పాఠంల మొట్టమొదటి పని గదే. మీటర్ పెట్టే ముందు కరెంటు తియ్యాలె. మీరు జేసిపెట్టిన్రు. ఇగ వెలుతురు కావాలె. కిటికీ దగ్గర ఎవరున్నరు? గా ఫ్లెక్సీ తాళ్లు కొయ్యుండ్రి."

కిటికీ దగ్గరి కుర్రాడు తటపటాయించాడు. "సార్, దాని మీద మీ ఫోటో ఉంది."

"నా ఫోటోనే కదా. కొయ్యి."

కటింగ్ ప్లేయర్ చేతులు మారి కిటికీ దాకా వెళ్లింది. తాళ్లు తెగాయి. నిలువెత్తు ఇస్హాక్ స్క్రూడ్రైవరుతో సహా జారి కింద పార్కు చేసిన బైకుల మీద పడ్డాడు. ఎండ, మెట్రో హోరు, మెస్సులోంచి తాలింపు వాసన కలిసి హాల్లోకి వచ్చాయి.

భూలక్ష్మి ప్లగ్ ఊడి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. ఇస్హాక్ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. "తీగ తెగకుంటె మీటర్ కూత పెడ్తది. తెగితె పెట్టది. ఫ్రిజ్‌ను ఒక్కొక్క జాగల అడుగు. నిన్నటి బీమారీ నిన్నటి ఫ్రిజ్‌ది. దీన్ని దీని సంగతే అడుగు" అన్నాడు. ఆమె రిలే మీద పెట్టింది. కూత వచ్చింది. కంప్రెసర్ పిన్నుల మీద పెట్టింది. వచ్చింది. వెనక బెంచీల వాళ్లు ముందుకు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె ఫ్రిజ్ లోపలికి వంగి, చలి తగ్గించే పెంచే మీట పెట్టె విప్పి, అందులోని రెండు కొసల మీద పెట్టింది.

కూత రాలేదు. తీసి మళ్లీ పెట్టింది. రాలేదు.

"ఈడ మాట్లాడుతలేదు భాయ్" అన్నది.

"అయితే ఏం జేస్తవు? రిలే మారుస్తవా?"

"మార్చ" అన్నది భూలక్ష్మి. ఎవరూ నవ్వలేదు. ఆ థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టి, పరీక్ష కోసం ఆ రెండు తీగలూ కలిపి, పైన టేపు గట్టిగా చుట్టి, రిలేను తిరిగి దాని చోట బిగించింది. ఇస్హాక్ టేపును గోటితో నొక్కి చూసి తల ఊపాడు. అప్పుడామె గోడ వైపు తిరిగింది.

"కరెంటు ఇయ్యుండ్రి సార్."

హనుమత్ప్రసాద్ మెయిన్ స్విచ్ దగ్గరే నిలబడి ఉన్నాడు. హాలంతా అతని వైపు తిరిగింది. వేయనూ లేడు, వెళ్లిపోనూ లేడు. వేస్తే ఫ్రిజ్ లేస్తుంది, వేయకపోతే ఎందుకు వేయలేదని అందరికీ తెలిసిపోతుంది. "ఏంటండీ ఇది, ఏంటండీ" అని గొణిగాడు.

ఆ రోజే చేరడానికి వచ్చిన ఒకమ్మాయి ముందు బెంచీలోంచి లేచి, అతని భుజం పక్కనుంచి చేయి చాపి, స్విచ్ పైకి వేసింది.

లైట్లు వెలిగాయి. ఎక్కడో మైకు కీచుమంది. భూలక్ష్మి ప్లగ్ పెట్టింది. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, గురక మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ వంగి ఆ చప్పుడు వింటున్నారు.